కుడికాలు ముందు

మార్లిస్ కొట్లో అడుగుపెట్టేసరికే బోటు వెనక అల ఎక్కడానికి ఆమె బోర్డు కౌంటరు మీద సిద్ధంగా ఉంది. చుట్టూ బుడగల ప్లాస్టిక్ చుట్టి, మీద మార్కరుతో పెద్ద పెద్ద అక్షరాల్లో ట్వెయిట్ అని వాళ్ల ఇంటిపేరు రాసి పెట్టాడు కొట్టు యజమాని డారిన్.

"పొద్దున్నే ఎయినార్ గారు ఫోన్ చేశారండీ," అన్నాడు సంబరంగా. "పాతదాని లాంటిదే కావాలన్నారు. అయిదడుగుల నాలుగంగుళాలు, దళసరిది, ముక్కు మొనదేలి ఉండాలి, కింద మూడు పెద్ద రెక్కలు. గోడౌన్లో వెతికి మరీ తెచ్చాను."

"ఎక్కేది ఎవరని చెప్పాడు?"

డారిన్ కాస్త తటపటాయించాడు. "మీరేనన్నారు."

"మరి నన్నెవరైనా అడిగారా?"

ఆ గొంతు డారిన్‌కి బాగా తెలుసు. ఏడేళ్ల వయసు నుంచీ బడి బస్సులో విన్నాడు. ఇప్పుడు నలభై నిండినా, పొట్ట వచ్చినా, ఆ గొంతు వినగానే బబుల్ గమ్ ఎక్కడ దాచాలా అని చెయ్యి జేబు వైపు పోయింది. ఓర్‌లాక్ సరస్సు చుట్టుపక్కల ఊళ్లలో సగం మందిని మార్లిస్ ముప్పై మూడేళ్లుగా బడి బస్సు నడుపుతూ మోసింది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదో ఆమె చెప్పినట్టే జరగాలి. ఇంటికొస్తే మాత్రం, మొగుడు ఎయినార్ దగ్గర, సంగతి వేరు. బోటు ఎయినార్‌ది, బోర్డు ఎయినార్‌ది, అల కూడా ఎయినార్‌దే.

పాత బోర్డు జూలైలో పోయింది. ఎయినార్ బోటు ట్రైలర్‌ని వెనక్కి పోనిస్తూ దాని మీదికి ఎక్కించాడు. ఆ చప్పుడుకి సరస్సు మీద పక్షులు కూడా లేచిపోయాయి. మోకాలు మార్పించుకున్న మనిషి, మెడ సరిగ్గా తిప్పలేడు, ఏమంటాం? డాక్టరు ఇక బోటు కుదుపులు పనికిరావన్నాడు. అందుకని బోటు బేరం పెట్టేశారు. సోమవారం లేబర్ డే సెలవు నాడు బ్రెయినర్డ్ ఊరి నుంచి కొనేవాళ్లు వస్తున్నారు. అంటే, బోటు కడిగి తుడిచే ఆదివారం పోగా, మిగిలింది ఒక్క శనివారం. ఆ ఒక్క శనివారంలో మార్లిస్‌కి ఒక్కటే కోరిక ఉంది. తాడు వదలాలి.

ఆ సరస్సు మీద బోటు వెనక అల ఎక్కేవాళ్లందరూ వదిలేస్తారు. నీళ్లలో పడుకుని, బోర్డు మీద మడమలు ఆనించి, తాడు పట్టుకుంటే బోటు లాగి లేపుతుంది. లేచాక బోటు పక్కన ఎగసే అల మీదికి జరిగితే, ఆ అలే వెనక నుంచి తోస్తుంది. తోస్తోందని కాళ్లకి తెలియగానే తాడుని బోటులోకి విసిరేస్తారు. అక్కడి నుంచి లాగేదేం ఉండదు, అలే మోసుకుపోతుంది. తొమ్మిదేళ్ల పిల్లలు కూడా చేస్తారు. మార్లిస్ ముప్పై వేసవుల్లో ఒక్కసారి కూడా చెయ్యలేదు. వదిలిన ప్రతిసారీ రెండు క్షణాల్లో నీళ్లలో మునగడమే. అందుకని ఊరు ఊరంతా ఆమెకి తాడు మార్లిస్ అని పేరు పెట్టింది. ముందుగా అలా పిలిచింది ఎయినార్ అక్క ఆర్లా.

"అది విప్పెయ్," అంది మార్లిస్, ప్లాస్టిక్ వైపు చూపిస్తూ. "విప్పి లోపల పెట్టెయ్. నేను చూసుకుంటాను నాక్కావాల్సింది."

డారిన్ విప్పాడు. తర్వాత ముక్కాలి పీట తెచ్చి ఆమె ముందు వేశాడు. "సరే అయితే. ముందు చెప్పండి, మీ స్వారీ ఎలాంటిది?"

"నా స్వారీయా? తాడు పట్టుకుని వేలాడుతూ ఎయినార్‌ని తిట్టుకోవడం."

"అది కాదండీ. బోర్డులు రెండు రకాలు." గోడకున్న కొయ్యల మీద నుంచి ఒక బోర్డు దించి, అంచు వెంట బొటనవేలు నడిపించాడు. "ఇది సముద్రంలో వాడే బోర్డు లాంటిది. పొడుగు, మందం, కింద పెద్ద రెక్కలు. నీటిని గట్టిగా పట్టుకుంటుంది. బలంగా తొక్కి మలుపు కొట్టేవాళ్లకి ఇది. ఎయినార్ గారు అలా తొక్కేవారు, నాకు గుర్తుంది, నీళ్లు ఇంతెత్తు లేచేవి. ఆయన రెండొందల ముప్పై పౌన్లుంటారు. మీరు?"

"అడుగుతావా?"

"బోర్డు కోసమండీ."

"నూట ఇరవై ఎనిమిది."

"అయితే ఇన్నేళ్లూ మీరు బోర్డు కాదు, తలుపు తొక్కారు." డారిన్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆపేశాడు. "ఇంతకీ ఏ కాలు ముందు పెడతారు?"

"ఎడమ."

"ఎవరు చెప్పారు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది మార్లిస్. "ఎయినార్."

డారిన్ తల ఊపి, "ఆ గోడ మీద కాగితంలో ఏం రాసుందో చదవండి ఒకసారి," అన్నాడు. ఆమె లేచి, కళ్లజోడు ముక్కు మీదికి జరుపుకుని, సరస్సులో కలుపు మొక్కల గురించి ఏదో ప్రకటన చదవడం మొదలుపెట్టింది. రెండో వాక్యంలో ఉండగా వెనక నుంచి రెండు చేతులు ఆమె వీపు మీద పడి ఒక్క తోపు తోశాయి. మార్లిస్ తూలి, ఒక కాలు ముందుకేసి నిలదొక్కుకుంది.

"నీకేమైనా పిచ్చా!"

"మన్నించాలి. మూడో తరగతిలో ఏడాదంతా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు కదండీ, ఆ పగ." అని కిందికి చూపించాడు. "కాలు చూడండి."

మార్లిస్ చూసుకుంది. ముందున్నది కుడికాలు.

"మళ్లీ తొయ్యి," అంది.

మళ్లీ కుడికాలే. కళ్లు మూసుకుంటాను తొయ్యమంది. అప్పుడూ అదే. నాలుగోసారి ఎడమకాలు వెయ్యాలని గట్టిగా అనుకుని మరీ నిలబడింది. అయినా కుడికాలు తనంతట తనే ముందుకు పోయింది. మార్లిస్ ముక్కాలి పీట మీద కూలబడింది. ఎడమచేతి పిల్లకి కుడిచేత్తో రాయించినట్టు, ముప్పై ఏళ్లు తన కాళ్లని తారుమారు చేసి నిలబెట్టారన్న మాట. ఏడుపొచ్చింది. డారిన్ ముందు ఏడవడం ఇష్టంలేక కళ్లజోడు తుడుచుకుంది.

డారిన్ మెల్లగా అడిగాడు. "నీళ్ల సంగతి వదిలెయ్యండి. చిన్నప్పుడు ఏం చేస్తుంటే ఒళ్లు తేలిగ్గా ఉండేది?"

"మంచు మీద జారడం," అంది మార్లిస్ ఆలోచించకుండానే. "సరస్సు గడ్డకట్టిందంటే ఇంట్లో ఉండేదాన్ని కాదు. స్కేట్లు కూడా అక్కర్లేదు, మామూలు బూట్లతోనే పరుగెత్తి, జారి, గిర్రున తిరిగేదాన్ని. మా అమ్మ నన్ను పిలిచీ పిలిచీ గొంతు పోగొట్టుకునేది."

డారిన్ లోపలికి వెళ్లి ఒక బోర్డు తెచ్చాడు. నాలుగడుగుల ఆరంగుళాలు, పల్చగా, దాదాపు చదునుగా, ముక్కూ తోకా గుండ్రంగా. కింద రెక్కలు రెండే, అవీ బొటనవేలంత. "ఇది రెండో రకం. నీటిని పట్టుకోదు, జారుతుంది, తిరుగుతుంది. మీ వయసు వాళ్లకి ఎవరూ ఇవ్వరు దీన్ని, నిజం చెబుతున్నా. కొంచెం నిదానం కూడా. అలకి దగ్గరగా ఉండాలి, దూరం జరిగితే మునుగుతారు. సోమవారం దాకా మీ దగ్గరుంచి చూడండి. నచ్చకపోతే తెచ్చెయ్యండి."

మార్లిస్ దాన్ని చంకలో పెట్టుకుంది. పాత బోర్డు ఎప్పుడూ చంకలో పట్టేది కాదు. నెత్తిన పెట్టుకుని మోసేది.

ఎయినార్ వరండాలో కాలు స్టూలు మీద చాపి కూర్చున్నాడు. బోర్డు చూసి, "ఇదేంటి, రొట్టెలు కోసుకునే చెక్కా?" అన్నాడు.

"నా బోర్డు."

"నేను డారిన్‌కి ఫోన్ చేసి..."

"చేశావు. తెలుసు." మార్లిస్ బోర్డుని గోడకి ఆనించింది. "శనివారం నాకు కుడి పక్క అల కావాలి."

"మన బోటుకి కుడి పక్క అల రాదు."

"ఎప్పుడైనా వేసి చూశావా?"

"చూడక్కర్లేదు. తెలుసు."

ఈ ముక్క రేవులో ఎవరడిగినా ఎయినార్ ఇలాగే చెప్పేవాడు. మీ బోటుకి అల ఏ పక్కండీ అంటే, సరస్సు పేరు చెప్పినంత తేలిగ్గా, ఎడమ అనేవాడు. ఎడమకాలు ముందు పెట్టేవాళ్లకి అల ఎడమ పక్క ఉండాలి, కుడికాలు వాళ్లకి కుడి పక్క. ఏ పక్క బరువు పెట్టి బోటుని ఒరిగిస్తే ఆ పక్క అల లేస్తుంది. ఎయినార్‌ది ఎడమకాలు. అంతకుమించి ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఆలోచించలేదు.

గురువారమంతా మార్లిస్ ఎక్కువ మాట్లాడలేదు. సరస్సులో పెరిగే అడవి బియ్యంతో సూప్ చేసింది, గిన్నె అతని ముందు పెట్టింది, తను వంటింట్లోనే నిలబడి తాగింది. ఎయినార్ రెండుసార్లు ఉప్పు బాగుందన్నాడు. ఆమె తన గిన్నె కడిగి బోర్లించింది.

శుక్రవారం గ్యారేజీలో బరువు సంచులు తీసింది. బోటుని ఒరిగించడానికి నీళ్లు నింపే పెద్ద రబ్బరు సంచులు, ఆరు. మడతలు విప్పుతుంటే పాత నీళ్ల వాసన, ఎండకి రాసుకునే క్రీము వాసన కలిసి గుప్పుమన్నాయి. ఒక మడతలో పసుపు రంగు హెయిర్ క్లిప్పు దొరికింది. ఎవరిదో? ఆ రోజుల్లో సంచులు చాలక, ఇరుగుపొరుగు పిల్లల్ని ఎనిమిది మందిని ఎక్కించి, అందరూ ఎడమ పక్కకి జరగండ్రా అని ఎయినార్ కేకలు పెట్టేవాడు. ఆర్లా కేకు డబ్బాతో సహా ఎడమ పక్కే కూర్చునేది. నేనొక్కదాన్నే రెండు సంచుల పెట్టు అని తన మీద తనే జోకు వేసుకునేది. రేడియో మోగుతుండేది, తడి తువ్వాళ్లు గాలికి టపటపలాడేవి. మార్లిస్ తాడు పట్టుకుని, బోటులో పైనున్న అద్దంలో ఎయినార్ కళ్లు చూస్తూ, ఈసారి వదులుతా, ఈసారి వదులుతా అనుకుంటూ ఉండేది. ఎంత బాగుండేవో ఆ రోజులు! తాడు వదల్లేకపోయినా బాగుండేవి. అదే ఇప్పుడు ఆమెకి మింగుడుపడటం లేదు.

క్లిప్పు జేబులో వేసుకుంది. చెప్పులు విడిచి, ఉన్ని మేజోళ్లతో, నున్నటి గచ్చు మీద నాలుగడుగులు పరుగెత్తి జారింది. కుడికాలు ముందు. గ్యారేజీ ఆ చివరిదాకా పోయి, గోడ దగ్గర సగం తిరిగి ఆగింది.

తలుపు దగ్గర ఎయినార్ చేతికర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో.

"కుడికాలు," అన్నాడు. ఆపైన, "నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"నీది కుడికాలని. గడ్డకట్టిన సరస్సు మీద మనం చేపలు పట్టే గుడిసె కొత్తగా వేసిన చలికాలం. గుర్తుందా, ఫ్లాస్కులో కాఫీ తెచ్చావు. ఒడ్డు నుంచి గుడిసె దాకా మంచు మీద జారుకుంటూ వచ్చావు. ఒక్క చుక్క ఒలకలేదు."

"అది మన పెళ్లయిన రెండో ఏడు."

"అవును."

"అప్పట్నించీ తెలుసా? మరి చెప్పలేదేం?"

ఎయినార్ కర్ర కొసతో గచ్చు మీద నూనె మరకని గీకాడు. "సంచులు అటు మారిస్తే నా అల పోతుంది. ఒక్కొక్కరికీ తియ్యడం, మళ్లీ నింపడం, పూట గడిచిపోతుంది. వచ్చే ఏడు చెబుదాంలే అనుకున్నా. వచ్చే ఏడూ అలాగే అనుకున్నా. అయిదారేళ్లయ్యాక చెప్పడానికి సిగ్గేసింది, మార్లిస్. ఆ తర్వాత నువ్వూ అడగలేదు, నేనూ మర్చిపోయినట్టే ఉన్నా."

"నన్ను ఊరంతా తాడు మార్లిస్ అన్నారు."

"విన్నాను."

"నువ్వూ అన్నావు."

ఎయినార్ మళ్లీ మరకని గీకాడు. మార్లిస్‌కి ఒళ్లు మండిపోయింది. అరవాలనిపించింది. పిల్లలతో నిండిన బస్సుని ఒక్క చూపుతో నిలబెట్టగలిగిన మనిషి, ఆ గ్యారేజీలో మేజోళ్లతో నిలబడి, చెప్పులు వెతుక్కుంది.

"రేపు సంచులు నువ్వే సర్ది నింపు," అంది వెళుతూ. "నేను ముట్టుకోను."

శనివారం గాలి లేదు. సరస్సు పరిచినట్టు ఉంది. మార్లిస్ రేవుకి వచ్చేసరికి ఎయినార్ అప్పటికే బోటులో ఉన్నాడు. మార్చిన మోకాలిని పక్కకి చాపుకుని, నేల మీద కూర్చుని పాకుతూ, సంచుల్ని ఒక్కొక్కటే కుడి పక్కకి ఈడుస్తున్నాడు. చొక్కా చెమటకి తడిసి వీపుకి అతుక్కుంది. ఎడమ పక్క సంచులుండే చోట తివాచీ ఇంకా కొన్ననాటి నీలం రంగులో ఉంది. కుడి పక్క ఎండకి వెలిసి బూడిద రంగుకి తిరిగింది. ఆ వెలిసిన చోట మొదటిసారి సంచి పరిచి, గొట్టం బిగించి, పంపుని నీళ్లలోకి జారవిడిచాడు.

"ఉఫ్ డా, ఓరి దేవుడా!" అంది ఆర్లా, పుల్లటి రబర్బ్ కాడల కేకు డబ్బాతో రేవు మీద నిలబడి. "ఏంటిది ఎయినార్? అటు పెడుతున్నావేంటి? నేనిప్పుడు ఏ పక్క కూర్చోవాలి?"

"కుడి పక్క."

"ముప్పై ఏళ్ల తర్వాతా? నా తుంటికి అలవాటు లేదయ్యా." అయినా ఎక్కి కూర్చుంది. తాడు చూసుకునే పని ఆమెదే.

మూడు సంచులు నిండేసరికే బోటు కుడి పక్కకి బాగా ఒరిగింది. ఎయినార్ నాలుగో సంచి మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. స్టీరింగు వైపు చూశాడు. తన సీటు వైపు చూశాడు. అది కుడి పక్కే ఉంది. మొదటి నుంచీ కుడి పక్కే ఉంది.

"నేను," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. "అటు నా బరువు ఎటూ ఉంటుంది కదా. ఇన్నాళ్లూ సగం సంచులు నాకు సరితూగడానికే నింపాం."

"నింపింది నేను," అంది మార్లిస్. లైఫ్ జాకెట్టు బిగించుకుని నీళ్లలోకి దూకింది.

మొదటిసారి బోర్డు కాళ్ల కింద నుంచి సబ్బులా జారి ఎటో పోయింది. రెండోసారి లేచింది, కుడికాలు ముందు పెట్టింది, అల మీదికి జరిగింది. బోర్డు పక్కకి తిరగబోతే పాత అలవాటు కొద్దీ మడమతో గట్టిగా తొక్కి ఆపబోయి పడింది. చల్లటి నీళ్లు ముక్కులోకి పోయాయి. ఆర్లా బోటులోంచి ఏదో అరిచింది. ఎయినార్ ఏమీ అరవలేదు. గుండ్రంగా తిప్పి తాడు ఆమె చేతి దగ్గరికి తెచ్చి ఆపాడు. అంత మెల్లగా అతను బోటు తిప్పడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

మూడోసారి తొక్కడం మానేసింది. మంచు మీద ఎవరు తొక్కుతారు? మోకాళ్లు వదులు చేసి ఊరుకుంది. బోర్డు కొంచెం పక్కకి జారింది, జారనిచ్చింది. తనంతట తనే వెనక్కి వచ్చింది. అల నున్నగా, పచ్చగా, ఆమె నడుమెత్తు లేచి పక్కనే నడుస్తోంది. అప్పుడు అరికాళ్ల కింద తోపు తెలిసింది. డారిన్ చేతుల్లా కాదు, ఇంకా మెత్తగా, ఆగకుండా. తాడు వైపు చూసుకుంది. తాడు వదులుగా వేలాడుతోంది. అది ఆమెని లాగడం ఎప్పుడో మానేసింది.

"తాడు!" అని అరిచింది ఆర్లా, రెండు చేతులూ చాపి. "ఇటు విసురు! మార్లిస్, వదిలెయ్యవే!"

మార్లిస్ విసిరింది. తాడు పిడి సూటిగా వెళ్లి కేకు డబ్బాకి తగిలింది.

ఒకటి, రెండు. ఇక్కడే పడేది ఎప్పుడూ. మూడు, నాలుగు. పడలేదు. నవ్వు తన్నుకొచ్చింది, పెద్దగా, నోరారా నవ్వింది. చేతులు ఏం చెయ్యాలో తెలియక గాలిలో అలాగే ఉంచింది. ఖాళీ చేతులతో నిలబడటం ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదేం! ముప్పై ఏళ్లలో మొదటిసారి అద్దం వైపు చూడటం మర్చిపోయింది. అలనే చూస్తూ, తూర్పు ఒడ్డు పొడుగునా, పొరుగున ఎంగర్ వాళ్ల రేవు దాటి, రెల్లుపొద దాటి, సరస్సు మలుపు దాకా పోయింది. రేవుల్లో కాఫీ తాగుతున్నవాళ్లు కప్పులతో లేచి నిలబడ్డారు. ఎవరో ఈల వేశారు. అద్దం మీద నీళ్లు పడ్డాయని ఎయినార్ రెండుసార్లు తుడిచాడని తర్వాత ఆర్లా చెప్పింది. నీళ్లేం పడలేదట.

మలుపు దగ్గర అతను ఇంజను తగ్గించాక ఆమె మెల్లగా నీళ్లలోకి దిగిపోయింది. బోటు దగ్గరికి వచ్చింది. ఎయినార్ కర్ర పక్కన పెట్టి, కష్టపడి మోకాలు వంచి, చెయ్యి ఇచ్చి పైకి లాగాడు. మార్లిస్ ఒళ్లంతా వణుకుతోంది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. అతని ముఖంలోకి చూడగానే ఆ వెలుగులోనే కోపం కూడా మళ్లీ వచ్చింది.

"ముప్పై ఏళ్లు, ఎయినార్."

"అవును," అన్నాడు. తువ్వాలు ఆమె భుజాల చుట్టూ కప్పి, కొసలు తన చేతుల్లోనే పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఇంకేమన్నా అని ఉంటే ఆమె ఊరుకునేది కాదు.

"ఇంకోసారి పోనీ," అంది.

సాయంత్రం దాకా పోనిచ్చాడు. పెట్రోలు రెండుసార్లు పోశాడు. రెండోసారి పోస్తుంటే, డారిన్ తనని వెనక నుంచి తోసి కాలు కనిపెట్టిన సంగతి మార్లిస్ చెప్పింది.

సోమవారం పదింటికి బ్రెయినర్డ్ వాళ్లు వచ్చారు. మొగుడూ పెళ్లాం, ముప్పై లోపే ఉంటారు ఇద్దరూ. అతను బోటు చుట్టూ తిరిగి, ఇంజను మూత ఎత్తి చూశాడు. ఆ అమ్మాయి ఫోను చేతిలో పట్టుకుని రేవు మీద నిలబడింది. ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు. మార్లిస్ వరండాలో కాఫీ కప్పు పట్టుకుని చూస్తోంది. మర్నాడు బడి తెరుస్తారు, తెల్లారకుండా బస్సు తియ్యాలి. గోడకి ఆనించిన బోర్డు మీద నీటి చారలు ఇంకా అలాగే ఉన్నాయి. దాన్ని తిరిగివ్వడం లేదని పొద్దున్నే డారిన్‌కి తనే ఫోన్ చేసి చెప్పింది. వచ్చే వేసవి ఎంగర్ వాళ్ల బోటు ఉంది. వాళ్లని అడగటానికి ఆమెకి మొహమాటమేం లేదు.

"అల బాగా వస్తుందాండీ?" అన్నాడు కుర్రాడు. "ఏ పక్క?"

వరండాలో మార్లిస్ కప్పు కింద పెట్టింది. ఆ జవాబు ఆమెకి కంఠతా వచ్చు.

ఎయినార్ నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. కర్ర ఆనించుకుని, బోటు దగ్గర నుంచి మెల్లగా ఆ అమ్మాయి నిలబడ్డ చోటికి నడిచాడు.

"ఏ పక్కైనా వస్తుంది," అన్నాడు. "ముందు మీ ఆవిడది ఏ కాలో చూశావా?"

"తనా? తను ఎప్పుడూ నేను..."

"నువ్వు కాదు నాయనా. ఇలా రా. ఆవిడ వెనక నిలబడి, చెప్పకుండా ఒక్క తోపు తొయ్యి."

"చెప్పకుండా ఏంటండీ, వినపడింది కదా!" అని ఆ అమ్మాయి నవ్వింది.

మార్లిస్ లేచి మెట్లు దిగింది. "అతన్ని కాదమ్మా, నన్ను తొయ్యనివ్వు," అంటూ రేవు వైపు నడిచింది.